బియ్యంలో పెట్టే పురుగు మాత్రలు సూట్‌కేసులో వద్దు

కొత్తగా లండన్ వచ్చిన ఒకమ్మాయి ఫోన్ చేసి అడిగింది. ఇక్కడ కొన్న పది కిలోల సోనామసూరి బస్తాకి పురుగు పట్టిందట. వచ్చే నెల వాళ్ళ నాన్నగారు వస్తూ ఊళ్ళో దొరికే పురుగు మాత్రలు తెస్తానంటున్నారట. "తేవచ్చా అన్నయ్యా?"

అస్సలు వద్దమ్మా.

ఆ మాత్రల్లో ఉండేది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. దానికి విరుగుడు లేదు. మన దగ్గర ధాన్యం గోడౌన్లలో వాడే సరుకది. చలికి కిటికీలన్నీ బిగించుకుని, వంటింటి పక్క గదిలోనే పడుకునే ఫ్లాటులో వాడితే ఏమవుతుందో ఊహించుకోండి. విమానంలో సామానుతో పాటు తేవడానికీ వీల్లేదు.

ఇక చట్టం సంగతి. ఇక్కడ 1972 నాటి పాయిజన్స్ యాక్ట్ ఉంది. 2015 నుంచి దాని జాబితాలోని విషాలకు మామూలు జనం హోం ఆఫీస్ (ఇక్కడి హోంశాఖ) లైసెన్సు తీసుకోవాలి. ఈ మాత్రల్లోని అల్యూమినియం ఫాస్ఫైడ్ ఆ జాబితాలో ఉంది. అమ్మేవాడిని మాత్రమే పట్టుకుంటారనుకుంటాం. కాదు. లైసెన్సు లేకుండా బయటి దేశం నుంచి తెచ్చినా, అల్మారాలో ఉంచుకున్నా, వాడినా నేరమే. రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు. ఆన్‌లైన్లో ఇండియా నుంచి తెప్పించుకున్నా అది దిగుమతి కిందే లెక్క.

బాత్రూం యాసిడ్ కూడా అంతే. సింకు పూడుకుపోతే ఘాటైన డ్రెయిన్ క్లీనర్ కోసం నేనొకసారి షాపుకెళ్ళాను. కౌంటర్లో అబ్బాయి లైసెన్సు అడిగితే నాకు కోపమే వచ్చింది. తర్వాత తెలిసింది, 2018 నుంచి సల్ఫ్యూరిక్ యాసిడ్ 15 శాతం దాటితే లైసెన్సు కావాలని. 2023 అక్టోబర్ నుంచి హైడ్రోక్లోరిక్ కూడా 10 శాతం దాటితే అంతే. అందుకే సీసా మీద శాతం చూసి కొనండి. ఆ మాటకొస్తే యాసిడ్ కొనేవాళ్ళ దగ్గర గుర్తింపు కార్డు చూడాలని మన సుప్రీంకోర్టూ 2013లోనే చెప్పింది. మా ఊరి కొట్లో ఎవరడిగారు గనక!

ఎవరైనా ఇప్పటికే మాత్రలు తెచ్చేసుంటే డబ్బా తెరవకండి, చెత్తబుట్టలో వేయకండి, నీళ్ళు అసలే తగలనివ్వకండి. ఎలా వదిలించుకోవాలో మీ కౌన్సిల్‌కి (ఇక్కడి మునిసిపాలిటీ లాంటిది) ఫోన్ చేసి అడగండి.

బియ్యం మాటా? రెండు కిలోల చొప్పున కవర్లలో కట్టి ఫ్రీజర్‌లో నాలుగైదు రోజులు ఉంచితే పురుగూ గుడ్లూ చస్తాయి. మా ఇంట్లో ఐస్‌క్రీం డబ్బా పక్కన ఎప్పుడూ ఒక బియ్యం కవరు ఉంటుంది.