మా కాపురానికి లెక్క కుదరడం లేదట

ప్రశ్న: మేం బెంగళూరు కుందనహళ్లిలో ఉంటాం. నాకు 31, మావారికి 34. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. పెద్దలు కుదిర్చిన పెళ్లి, అయిదేళ్లయింది. ఊళ్లో మా మామగారు ఇల్లు కడుతున్నారు. దానికి మావారు ఎప్పుడు ఎంత పంపుతున్నదీ నాకు బ్యాంకు మెసేజీ చూస్తేగానీ తెలియదు. అడిగితే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోతారు. నేనూ వెనకాలే వెళ్లి అడుగుతాను. ఈమధ్య ఏదో వీడియో చూశారు. అయిదు మంచి మాటలకు ఒక చెడ్డ మాట చొప్పున ఉంటేనే కాపురం నిలుస్తుందట, పావుగంట చూసి ఎవరు విడిపోతారో శాస్త్రవేత్తలు 90 శాతం కచ్చితంగా చెప్పేస్తారట. ఆ రోజు నుంచి మూడు వారాలు మా మాటలన్నీ ఎక్సెల్ షీటులో ప్లస్, మైనస్ వేశారు. ఒక మైనస్‌కు 1.4 ప్లస్సులు వచ్చాయి. ‘నేను అనడం కాదు, సైన్సే అంటోంది మనకు కుదరదని’ అన్నారు. లెక్కలో ఏదో తప్పుందేమో అన్నాను. ‘నీకు స్టాటిస్టిక్స్ ఎప్పుడు అర్థమైంది గనక’ అని నవ్వారు. నిజంగా మా సంసారం ఇంతేనా?

జవాబు: కాదమ్మా. ఆ 1.4ను బట్టి మీ కాపురం నిలుస్తుందనీ చెప్పలేం, కూలుతుందనీ చెప్పలేం. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను. మీవారు లెక్కను నమ్మే మనిషిలా ఉన్నారు కాబట్టి ఈ జవాబు ఆయన చేత కూడా చదివించండి.

ముందు ఆ అయిదుకు ఒకటి ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్సన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1983లో 73 జంటలను పిలిచి, తమ మధ్య తెగని విషయం ఒకటి తీసుకుని 15 నిమిషాలు మాట్లాడుకోమన్నారు. మాట్లాడుతున్నంతసేపూ గుండె వేగం, చేతి చెమట లాంటివి కొలిచారు, వీడియో తీశారు. శిక్షణ పొందినవాళ్లు ఆ వీడియోలో మాటలు, ముఖాలు, గొంతులు గమనించి గుర్తులు వేశారు. 1987లో మళ్లీ ఆ జంటలను కలిశారు. నిలకడగా ఉన్నవాళ్ల సంభాషణలో మంచీ చెడూ దాదాపు 5కి 1గా, చెడే దారిలో ఉన్నవాళ్లలో 0.8కి 1గా కనిపించాయి.

అంటే ఆ లెక్క గొడవ పడే పావుగంటది. రోజంతా ఇంట్లో జరిగే మాటలది కాదు. పైగా అక్కడ ‘మంచి’ అంటే పొగడ్త ఒక్కటే కాదు. తల ఊపడం, ‘ఊఁ’ కొట్టడం, కోపంలోనే చిన్న నవ్వు నవ్వడం, ‘అదీ నిజమేలే’ అనడం, అన్నీ ప్లస్సులే. మీవారి షీటులో ‘ఊఁ’కి ఒక గడి ఉందా? లేకపోతే ఆయన కొలిచింది మరొకటేదో.

ఇంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి ఉంది. గుర్తులు వేసినాయన మీ గొడవలో ఒక పక్షం. 1980లో రాబిన్సన్, ప్రైస్ అనే ఇద్దరు పరిశోధకులు దంపతుల ఇళ్లకు పరిశీలకులను పంపి, ఒకరు మరొకరికి చేసే మంచి పనులను లెక్క పెట్టించారు. అదే సమయంలో దంపతుల చేత కూడా లెక్క పెట్టించారు. సఖ్యంగా ఉన్నవాళ్ల లెక్క పరిశీలకుల లెక్కకు దగ్గరగా ఉంది. సఖ్యత లేనివాళ్లు మాత్రం తమ కళ్లముందు జరిగిన మంచిలో సగం దాకా గమనించనే లేదు. మనసు విరిగి ఉన్నప్పుడు, రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటికొచ్చిన మనిషికి చారు వేడిచేసి పెట్టడం ఎవరి లెక్కలోకీ రాదు. ‘ఇంత ఆలస్యమా’ అన్న మాట మాత్రం తప్పకుండా ఎక్కుతుంది. కాబట్టి ఆ 1.4 మీ ఇంట్లో మంచి ఎంతుందో చెప్పదు. మీవారి కంటికి ఎంత కనబడుతోందో చెబుతుంది. షీటు మీరు నింపినా ఇలాగే ఉండేది.

ఇక 90 శాతం సంగతి. వంద జంటలున్నాయనుకోండి, కొన్నేళ్లలో పది విడిపోయాయనుకోండి. ఎవరినీ చూడకుండానే ‘ఒక్కరూ విడిపోరు’ అని చెప్పేసినా 90 శాతం నిజమవుతుంది! విడిపోయిన ఒక్క జంటనూ పట్టుకోకుండానే అంత మార్కులు. రెండోది, ఇలాంటి చాలా పరిశోధనల్లో ఎవరు విడిపోయారో తెలిసిన తర్వాతే, ఆ సమాచారానికి సరిపోయేలా సూత్రం కట్టారు. ఒక బ్యాచ్ మీద కట్టిన సూత్రాన్ని కొత్త బ్యాచ్ మీద వేసి చూస్తే కచ్చితత్వం బాగా పడిపోతుందని 2001లో రిచర్డ్ హేమన్, ఏమీ స్లెప్ చూపించారు. డేటాతో పనిచేసేవాళ్లకు ఇది కొత్త విషయమేమీ కాదు, ట్రెయినింగ్ డేటా మీదే టెస్ట్ చేయడం అన్నమాట. 2020లో సమంతా జోయెల్, పాల్ ఈస్ట్‌విక్ బృందం 43 పరిశోధనల నుంచి 11,196 జంటల సమాచారం కలిపి మెషీన్ లెర్నింగ్‌తో చూసింది. ఇవాళ ఎవరు ఎంత సంతోషంగా ఉన్నారో కొంతవరకు పట్టుకోగలిగింది. రేపు ఎవరి సంతోషం పెరుగుతుందో, ఎవరిది తరుగుతుందో దాదాపు పట్టుకోలేకపోయింది.

అందుకని ఈ పరిశోధనలన్నీ పనికిరానివని అనుకోకండి. జాతకంలా వాడితే పనికిరావు. గొడవ ఏ క్షణంలో ఎక్కడ తిరుగుతుందో చూసుకోవడానికి వాడితే చాలా పనికొస్తాయి. మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది 1.4 కాదు, రెండు వాక్యాలు.

మొదటిది ఆ నవ్వు. గాట్‌మన్ ప్రమాదకరంగా గుర్తించినవి నాలుగు: మనిషినే తప్పు పట్టడం, ఈసడింపు, ప్రతిదానికీ సమర్థించుకోవడం, నోరు మెదపకుండా బిగుసుకుపోవడం. వీటిలో అన్నిటికన్నా చెడ్డది ఈసడింపు. ‘నీకేం తెలుసు’ అనే నవ్వు ఆ కోవలోదే. కోపంలో అరిచిన మాట కన్నా ఇది లోతుగా దిగుతుంది, ఎందుకంటే కోపం సాటి మనిషి మీద వస్తుంది, ఈసడింపు తక్కువ మనిషి మీద వస్తుంది. ఇది మీవారు మానాల్సిందే, ఇందులో సర్దుకుపోయేదేమీ లేదు. ఆ మాట పడ్డప్పుడు తిరిగి ఎత్తిపొడవకండి, మింగేయకండి. ‘లెక్క గురించి ఎంతసేపైనా మాట్లాడండి, నన్ను చూసి అలా నవ్వకండి’ అని అప్పటికప్పుడే, ఒక్కసారే చెప్పండి.

రెండోది బాల్కనీ. ఆయన వెళ్లడం, మీరు వెనకాలే వెళ్లడం. ఆండ్రూ క్రిస్టెన్‌సెన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి దీన్నే పరిశోధించారు: ఒకరు వెంటపడి అడుగుతారు, ఒకరు తప్పించుకుంటారు, అడిగేకొద్దీ తప్పించుకుంటారు, తప్పించుకునేకొద్దీ అడుగుతారు. ఆడవాళ్ల నస, మగవాళ్ల మొండితనం అని మనవాళ్లు తేల్చేస్తారు గానీ, 1990లో ఆయన, క్రిస్టఫర్ హేవీ చూసినదాంట్లో మార్పు ఎవరికి కావాలన్నది కూడా ముఖ్యమని తేలింది. భార్య మార్పు కోరిన విషయంలో ఆమె వెంటపడడం, ఆయన తప్పుకోవడం స్పష్టంగా కనిపించింది. భర్త కోరిన విషయం తీసుకుంటే ఆ తేడా అంతగా కనబడలేదు. కాబట్టి ఈ వారం ముందుగా ఆయనకు మీ దగ్గర మారాలనిపించే విషయం ఏదో ఒకటి అడగండి, దాని మీద కూర్చోండి. అప్పుడు తప్పించుకోవాలన్న కోరిక మీలోనూ ఎలా లేస్తుందో మీకే తెలుస్తుంది.

బాల్కనీకి వెళ్లే మనిషి మనసు లేక వెళ్తున్నాడని అనుకోవద్దు. గొడవలో గుండె వేగం నిమిషానికి 100 దాటాక ఎదుటి మాట చెవికెక్కడం తగ్గుతుంది, కొత్త ఆలోచన రాదు. వాచీ ఉంటే చూసుకోవచ్చు, లేకపోతే మణికట్టు దగ్గర నాడి 15 సెకన్లు లెక్కపెట్టండి. 25 దాటితే ఆపాలి. విరామం 20 నిమిషాలకు తగ్గకూడదు, ఒంటికి చల్లారడానికి ఆ మాత్రం పడుతుంది. మరుసటి రోజు దాటి పోకూడదు. చాలామంది దగ్గర విరామం చెడేది రెండు కారణాల వల్ల. వెళ్లే మనిషి తిరిగొచ్చే టైము చెప్పడు, దాంతో ఉన్న మనిషికి వదిలేసి పోయినట్టుంటుంది. వెళ్లాక ఇద్దరూ ‘ఈసారి ఇలా అంటే అలా అంటాను’ అని లోపల వాదించుకుంటూనే ఉంటారు, ఆ ఇరవై నిమిషాలూ గుండె దిగదు. మీవారు చెప్పాల్సిన మాట ఇంతే: ‘ఇప్పుడు నా వల్ల కాదు, పదింటికి వస్తాను.’ పదింటికి రావాలి. మీరు చేయాల్సింది, వెనకాల వెళ్లకపోవడం. బట్టలు మడవండి, పాటలు వినండి, వాళ్ల చెల్లెలికి ఫోన్ చేసి ఇదంతా చెప్పకండి.

మొదలుపెట్టే తీరు గురించి కూడా చెప్పాలి. కొత్తగా పెళ్లైన 124 జంటల మీద 1999లో వచ్చిన కారేర్, గాట్‌మన్‌ల పరిశోధనలో, గొడవ మాటల మొదటి మూడు నిమిషాల్లోనే తర్వాత విడిపోయినవాళ్లకూ కలిసి ఉన్నవాళ్లకూ తేడా కనబడింది. మీ మొదటి వాక్యం ఇప్పుడు ఎలా ఉంటుందో ఊహించగలను: ‘మళ్లీ పంపారా? మీకెప్పుడూ మీ వాళ్లే, నేనెవరో కదా!’ ఇందులో ‘మళ్లీ’, ‘ఎప్పుడూ’ అన్న రెండు మాటలు జరిగిన పనిని వదిలి మనిషి మీదికి వెళ్తున్నాయి. ఆయన వెంటనే తన తరఫు వకీలు అయిపోతారు. దీనికి బదులు జరిగింది, నాకు అనిపించింది, నాకు కావలసింది, ఈ వరసలో చెప్పండి: ‘మొన్న పంపిన డబ్బు సంగతి బ్యాంకు మెసేజీ చూస్తే తెలిసింది. నేను పరాయిదాన్ని అనిపించింది. ఇకమీదట పంపే ముందు రోజు నాకు చెప్పండి.’ ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా మాత్రం వద్దు. అవుటర్ రింగ్ రోడ్డు మీద గంటన్నర ఇరుక్కుని వచ్చిన మనిషి దగ్గర ఓపిక అడుగంటి ఉంటుంది, అది మీకూ వర్తిస్తుంది. తిన్నాక, లేదా శనివారం పొద్దున.

డబ్బు గొడవను రెండుగా చీల్చండి. దంపతుల మధ్య గొడవల్లో 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తెగనివేనని గాట్‌మన్ లెక్క, సఖ్యంగా ఉన్నవాళ్లకూ అవి ఉంటాయి. కన్నవాళ్లకు కొడుకు ఎంత చేయాలి అన్నది తెగనిది. దాని మీద తీర్పు కోసం పట్టుబట్టకండి, అప్పుడప్పుడూ కోపం లేకుండా మాట్లాడుకోగలిగితే చాలు. పంపే ముందు చెప్పడం, నెలకు ఇంత వరకు అని గీత గీసుకోవడం, అది దాటితే ఇద్దరూ ఒప్పుకున్నాకే పంపడం, ఇవి తెగేవి. ఎక్సెల్ షీటు ఈ పనికి వాడుకోండి, బాగా పనికొస్తుంది.

ప్లస్ మైనస్‌ల షీటు మూసేసి దాని స్థానంలో ఇది చేయమంటాను. ఎలీ ఫింకెల్ బృందం షికాగో చుట్టుపక్కల 120 జంటలతో చేసి, 2013లో ప్రచురించింది. నాలుగు నెలలకోసారి, ఏడు నిమిషాలు రాయాలి. ఏడాదికి 21 నిమిషాలు. ఇటీవలి గొడవ ఒకటి తీసుకుని, మీ ఇద్దరి మేలూ కోరే, ఎవరి పక్షమూ పట్టని ఒక పెద్దమనిషి దాన్ని చూస్తే ఏమనుకుంటాడు, అందులోంచి ఏం మంచి తీస్తాడు అని రాయాలి. తర్వాత, గొడవ మధ్యలో అలా చూడడానికి మీకు అడ్డొచ్చేదేమిటో రాయాలి. చివరగా, వచ్చే నాలుగు నెలల్లో ఆ చూపు ఎలా నిలుపుకుంటారో రాయాలి. విడివిడిగా రాయండి. పెద్దమనిషి మీ అమ్మగారిలా, వాళ్ల నాన్నగారిలా మాట్లాడుతున్నట్టు ఉంటే కొట్టేసి మళ్లీ మొదలుపెట్టండి. మొదటి ఏడు ఎవరూ రాయలేదు, అందరిలోనూ అన్యోన్యత తగ్గింది. ఏమీ రాయని జంటల్లో రెండో ఏడు కూడా అది తగ్గుతూ పోయింది, రాసినవాళ్లలో ఆ జారుడు ఆగింది. గొడవల సంఖ్య తగ్గలేదు, గొడవ తర్వాత మిగిలే చేదు తగ్గింది.

ఒక మాట గమనించండి, పైన చెప్పినవి చాలావరకు అమెరికా జంటల మీద చేసినవి. మన పెళ్లిళ్ల మీద వచ్చినవి తక్కువ, చిన్నవి. 1982లో గుప్తా, సింగ్ జైపూర్‌లో 50 జంటలను చూసి, పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లలో ఏళ్లు గడిచేకొద్దీ ప్రేమ పెరిగినట్టు రాశారు. ఎవరైనా దాన్ని చూపించి ‘కాలమే చూసుకుంటుందిలే’ అంటే, 50 జంటలతో అంత మాట అనలేం. ఫింకెల్ జంటలకు ఊళ్లో కట్టే ఇల్లు, మామగారి ఫోను ఉండి ఉండవు, కాబట్టి ఏది మీ ఇంట్లో పనిచేస్తుందో మీరే చూసుకుని ఉంచుకోవాలి.

రెండు మూడు నెలలు చేసినా బాల్కనీ దగ్గరే ఆగిపోతే దంపతుల కౌన్సెలింగ్‌కు వెళ్లండి. మీ బెంగళూరులోనే మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఫ్యామిలీ సైకియాట్రీ సెంటర్ ఉంది. ఎక్కడికి వెళ్లినా ముందే తెలుగు వచ్చినవాళ్లు ఉన్నారా అని అడగండి. ఆఫీసు విషయాలు ఇంగ్లిష్‌లో ఎంత బాగా మాట్లాడినా, అలక ఇంగ్లిష్‌లో చెప్పలేం. క్రిస్టెన్‌సెన్ 134 జంటలకు, అదీ మీకన్నా బాగా చెడినవాళ్లకు, 26 సెషన్ల దాకా చికిత్స ఇచ్చి అయిదేళ్లు వెంట చూశారు. సుమారు సగం మంది స్పష్టంగా మెరుగుపడ్డారు, దాదాపు నాలుగో వంతు విడిపోయారు. రెండు సెషన్లలో తేలుస్తామనేవాళ్లను నమ్మకండి.

చివరగా ఒక ప్రశ్న, దీనికి ఆయన పక్కన లేనప్పుడు జవాబు చెప్పుకోండి. మీరు బాల్కనీకి వెళ్లి అడిగినప్పుడు ఆయన ఏం చేస్తారోనని భయం వేస్తుందా? చేయి చేసుకోవడం, ఫోన్ లాక్కోవడం, మీ జీతం తన చేతిలో పెట్టుకోవడం ఉంటే, పైన రాసినదేదీ మీకు కాదు, ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు కూడా వెళ్లవద్దు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. మనసు బాగా కుంగి నిద్ర, తిండి లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. అలాంటిదేమీ లేదంటే, వచ్చే శనివారం పొద్దున కాఫీ తాగాక ఆయన్ను అడగండి: ‘నా దగ్గర మీకు ఏం మారాలనుంది?’ ఆయన చెబుతున్నంతసేపూ ‘ఊఁ’ కొట్టండి.