పదేపదే హెచ్ఐవీ పరీక్ష.. నెగెటివ్ వస్తే నిశ్చింతగా ఉండవచ్చా?

ప్రశ్న: నా వయసు 29. ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో ఒంటరిగా ఉంటున్నాను. రెండేళ్లుగా ఇద్దరు ముగ్గురు మహిళలతో శారీరక సంబంధం ఉంది. కండోమ్ అప్పుడప్పుడే వాడాను. మూడు నెలలకోసారి ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్ఐవీ పరీక్ష చేయించుకుంటున్నాను. ఏడుసార్లూ నెగెటివే వచ్చింది. వెళ్లిన ప్రతిసారీ కౌన్సెలర్ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. పరీక్ష ఒక్కటీ చేయించుకుంటే చాలదా? ఇక నాకు రాదనుకోవచ్చా? ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారు.

జవాబు: బిడియపడకుండా ఏడుసార్లు పరీక్షకు వెళ్లడం మంచి పని, దాన్ని మానవద్దు. ‘ఇక నాకు రాదనుకోవచ్చా’ అన్న మీ మాట మాత్రం నన్ను కలవరపెట్టింది.

వేలి కొస నుంచి తీసిన రక్తపు చుక్కను కిట్‌లో వేశాక, కిట్ సరిగా పనిచేసిందని చూపే ‘కంట్రోల్’ దగ్గర ఒక్క గీతే కనబడితే నెగెటివ్ అంటాం. ఈ ర్యాపిడ్ కిట్లు ప్రధానంగా వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలను గుర్తిస్తాయి. అవి పరీక్షకు అందేంతగా తయారవడానికి 23 నుంచి 90 రోజులు పట్టవచ్చు కనుక, పది రోజుల కిందట ఇన్ఫెక్షన్ సోకినవారికి కూడా రిపోర్టు నెగెటివ్‌గానే వస్తుంది. రక్తంలో వైరస్ విపరీతంగా ఉండి అవతలివారికి సులువుగా సోకేదీ ఆ తొలి వారాల్లోనే.

మీ ఒంట్లో ప్రత్యేకమైన రక్షణ ఏదో ఉందని కూడా అనుకోవద్దు. హెచ్ఐవీ ఉండి చికిత్స తీసుకోని మహిళతో కండోమ్ లేకుండా కలిసినప్పుడు పురుషుడికి సోకే అవకాశం సగటున 10 వేల సార్లకు 4 సార్లు. చిన్నదిగా కనబడే ఈ సంఖ్య, ఇద్దరిలో ఎవరికైనా సుఖవ్యాధుల పుండ్లు ఉన్నా, ఆమెకు వైరస్ కొత్తగా సోకి ఉన్నా, ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ సంగతి ఆమెకే తెలిసి ఉండకపోవచ్చు.

ఇక కౌన్సెలింగ్ గురించి. కెన్యా, టాంజానియా, ట్రినిడాడ్‌లలో జరిపిన ఒక పెద్ద అధ్యయనం 2000లో వెలువడింది. పరీక్షతో పాటు కౌన్సెలింగ్ పొందిన పురుషుల్లో, శాశ్వత భాగస్వామి కానివారితో రక్షణ లేని సంపర్కం 35 శాతం తగ్గింది. ఆరోగ్య సమాచారం మాత్రమే విన్నవారిలో 13 శాతమే తగ్గింది. అయితే అమెరికాలోని సుఖవ్యాధుల క్లినిక్‌లలో సుమారు 5 వేల మందిపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ర్యాపిడ్ పరీక్ష వేళ కాసేపు చేసిన కౌన్సెలింగ్ వల్ల సుఖవ్యాధులు తగ్గలేదు. ఉగాండాలోని రకాయ్‌లో మళ్లీ మళ్లీ పరీక్ష చేయించుకున్నవారిలోనూ కొత్తగా హెచ్ఐవీ సోకడం చెప్పుకోదగినంత తగ్గలేదు. పరీక్షల సంఖ్య పెరిగినంత మాత్రాన అలవాటు మారదనీ, ప్రతి నెగెటివ్ రిపోర్టునూ కొందరు మరో మూడు నెలల అనుమతిగా తీసుకుంటారనీ నేను గట్టిగా నమ్ముతున్నాను. మీ విషయంలో అదే జరుగుతోందేమోనని నా అనుమానం.

‘వాడుతున్నాను సార్’ అని ముక్తసరిగా చెప్పి, రక్తం ఇచ్చి వెళ్లిపోయేవారిని చాలామందిని చూశాను. అలా చెబితే కౌన్సెలర్‌కు అవే ప్రశ్నలు తప్ప వేరే దారి ఉండదు. ఈసారి వెళ్లినప్పుడు, కండోమ్ వాడని చివరి రోజున అసలేం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి. మద్యం తాగి ఉన్నారా, జేబులో కండోమ్ ఉన్నా ఆమె ఏమనుకుంటుందోనని మొహమాటపడ్డారా, పరిచయస్థురాలే కదా అని ఊరుకున్నారా? ఒక్కో కారణానికి ఒక్కో ఉపాయం ఉంటుంది, అది ఆ గదిలో కూర్చుని మాట్లాడితేనే దొరుకుతుంది. మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదనీ, మీ వివరాలు గోప్యంగా ఉంచాలనీ 2017 నాటి హెచ్ఐవీ చట్టం చెబుతోంది కాబట్టి సంకోచించనక్కరలేదు.

ఎప్పుడైనా కండోమ్ చిరిగినా, వాడకపోయినా తర్వాతి పరీక్ష దాకా ఆగవద్దు. 72 గంటల్లోపు, వీలైతే ఆ రోజే, హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వెళితే వైద్యులు ముప్పును అంచనా వేసి వైరస్ ఒంట్లో స్థిరపడకుండా అడ్డుకునేందుకు 28 రోజుల పాటు వాడే ‘పెప్’ మందులు మొదలుపెడతారు. హెచ్ఐవీ సోకకుండా ముందుజాగ్రత్తగా రోజూ వాడే ‘ప్రెప్’ మాత్రల గురించి కూడా అక్కడే అడగవచ్చు. సందేహాలకు ఉచిత హెల్ప్‌లైన్ 1097 ఉంది.

పెళ్లి విషయానికొస్తే, రక్షణ లేని సంపర్కాన్ని ఇవాళే ఆపి, చివరిసారి జరిగిన తేదీ రాసి పెట్టుకోండి. అక్కడి నుంచి 90 రోజులు పూర్తయ్యాక హెచ్ఐవీతో పాటు సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు చేయించుకోండి. హెపటైటిస్-బి లేదని తేలితే, ఇంతకుముందు టీకా వేయించుకోకపోతే, ఆ టీకా కూడా వేయించుకోండి. ఆ రిపోర్టులు చేతికి వచ్చాకే ముహూర్తం పెట్టించుకోండి.