పాచికల పద్ధతిలో నైపుణ్యానికి ఎంత విలువ ఉందో తేల్చడం ఎలా?

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలో, అంటే బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు పోషిస్తూ పనుల గెలుపోటములను పాచికలతో తేల్చే ఆటలో, గెలవడానికి చేరవలసిన అంకెను అందుకునేందుకు పాత్ర నైపుణ్యపు అంకెను ఇరవై ముఖాల పాచిక ఒకదానికి కలపడం మేలా, ఆరు ముఖాల పాచికలు మూడింటి మొత్తానికి కలపడం మేలా అన్నది ప్రశ్న. రెండు పద్ధతులకూ సగటు 10.5 కావడంతో తేడా లేదనిపిస్తుంది గాని, చూడవలసింది సగటును కాదు, ఫలితాలు దాని చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయన్నది.

ఇరవై ముఖాల పాచికలో ప్రతి అంకెకూ అవకాశం సరిగ్గా 5 శాతం కాబట్టి, నైపుణ్యం ఒకటి పెరిగితే గెలుపు అవకాశం దాదాపు ఎప్పుడూ అంతే పెరుగుతుంది. మూడు పాచికలకు సాధ్యమైన 216 ఫలితాల్లో దాదాపు సగం, అంటే 104, 9 నుంచి 12 మధ్యే పడతాయి. అందువల్ల అదే ఒక్క అంకె మధ్యలో 12.5 శాతం దాకా, అంచుల్లో అర శాతం లోపు మార్పు తెస్తుంది.

ఇద్దరు పాత్రధారులు తలపడినప్పుడు ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. నిపుణుడికి 5 అంకెల ఆధిక్యం ఉన్నా, ఒక్క పాచిక పద్ధతిలో కొత్తవాడు 26 శాతం సార్లు గెలుస్తాడు. మూడు పాచికలతో అది 10 శాతానికి లోపే ఉంటుంది. శిక్షణకు విలువనిచ్చే కథలకు నేను రెండోదాన్నే ఎంచుకుంటాను.

చాలామంది పట్టించుకోని విషయం మరొకటి ఉంది: ఒకే పనికి ఎన్నిసార్లు పాచికలు వేయిస్తున్నారన్నది. 80 శాతం అవకాశమున్న పనికి వరుసగా నాలుగు విజయాలు కావాలంటే, మిగిలేది సుమారు 41 శాతమే.