గిటార్ పెడల్ మోగకపోతే ముందు మీటరు పెట్టండి

ప్రశ్న: ఇంట్లోనే గిటార్ స్వరాన్ని మార్చే పెడల్ కట్టుకుందామని ఉంది. సోల్డరింగ్ కొంచెం వచ్చు. ఏకంగా స్వరాన్ని గరగరలాడించే ఓవర్‌డ్రైవ్‌తో మొదలుపెట్టవచ్చా?
– ఖమ్మం పాఠకుడు

జవాబు: మొదట ఒకే ట్రాన్సిస్టర్‌తో సిగ్నల్‌ను పెంచే బూస్టర్ కట్టండి. భాగాలు తక్కువ కాబట్టి ఏదైనా తప్పినా వెతికి పట్టుకోవచ్చు. బీసీ547 ట్రాన్సిస్టర్ ఒకటి, 470 కిలో ఓమ్‌లు, 47 కిలో ఓమ్‌లు, 10 కిలో ఓమ్‌లు, 390 ఓమ్‌ల రెసిస్టర్లు ఒక్కొక్కటి, 0.1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్లు రెండు, ఏ100కె (100 కిలో ఓమ్‌ల) వాల్యూమ్ పాట్, అంటే తిప్పే రెసిస్టర్, ఒకటి తీసుకోండి.

ట్రాన్సిస్టర్‌కు బేస్, కలెక్టర్, ఎమిటర్ అని మూడు కాళ్లు. 9 వోల్టుల నుంచి బేస్‌కు 470 కిలో, బేస్ నుంచి గ్రౌండ్‌కు 47 కిలో పెట్టండి. 9 వోల్టుల నుంచి కలెక్టర్‌కు 10 కిలో, ఎమిటర్ నుంచి గ్రౌండ్‌కు 390 ఓమ్‌లు. గిటార్ సిగ్నల్ ఒక కెపాసిటర్ గుండా బేస్‌కు వెళ్తుంది. కలెక్టర్ నుంచి రెండో కెపాసిటర్ గుండా పాట్ ఒక చివరకు వస్తుంది. పాట్ రెండో చివర గ్రౌండ్‌కు, మధ్య కాలు అవుట్‌పుట్‌కు. సిగ్నల్ దాదాపు 20 రెట్లు పెరుగుతుంది. వాల్వ్ (ట్యూబ్) ఆంప్‌లో స్వరం గరగరగా చీలి పలకడానికి అది చాలు.

హైదరాబాద్‌లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో ఈ చిన్న భాగాలు కొనుక్కోవచ్చు. తొమ్మిది కాళ్ల 3పీడీటీ ఫుట్‌స్విచ్, అల్యూమినియం పెట్టె గిటార్ భాగాలు అమ్మేవాళ్ల దగ్గర ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం సులువు.

ప్రశ్న: బీసీ547తో మీరు చెప్పిన లాంటి బూస్టరే కట్టాను. బైపాస్‌లో (పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు) గిటార్ బాగానే వినిపిస్తోంది. స్విచ్ నొక్కితే మాత్రం సన్నగా, చితికిపోయినట్టు వస్తోంది. ట్రాన్సిస్టర్ మార్చి చూసినా అంతే.
– గుంటూరు పాఠకుడు

జవాబు: ట్రాన్సిస్టర్ పాడై ఉండకపోవచ్చు, తిరగబడి ఉంటుంది. పెడల్ సర్క్యూట్లు చాలావరకు 2ఎన్3904, 2ఎన్5088 కోసం గీసినవి. చదును వైపు మీకు ఎదురుగా, కాళ్లు కిందికి పెట్టి చూస్తే వాటిలో ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. బీసీ547లో కలెక్టర్, బేస్, ఎమిటర్. ఆ సర్క్యూట్ల బొమ్మలో ఉన్న దిక్కులోనే బీసీ547 పెడితే అది తలకిందులుగా పనిచేస్తుంది. అప్పుడు గెయిన్ (సిగ్నల్ పెరగడం) దాదాపు ఉండదు. మార్చిన ట్రాన్సిస్టర్‌నూ అదే దిక్కులో పెట్టి ఉంటారు.

ఇంకేదీ ఊడదీయకముందే మల్టీమీటర్ నల్ల ముల్లు గ్రౌండ్‌కు పెట్టి మూడు కాళ్లూ కొలవండి. కొత్త బ్యాటరీ మీద కలెక్టర్ దగ్గర 4 నుంచి 6 వోల్టులు, బేస్ దగ్గర 0.75కు అటూఇటూ, ఎమిటర్ దగ్గర 0.1 నుంచి 0.2 రావాలి. 10 కిలో రెసిస్టర్ కలిసిన కాలు దగ్గర 9కి దగ్గరగా వస్తే ట్రాన్సిస్టర్ తిరగబడింది, లేదా బేస్‌కు వోల్టేజి అందడం లేదు. అక్కడ అర వోల్టు కూడా రాకపోతే 470 కిలో, 47 కిలో తారుమారయ్యాయి. ఇది తరచూ జరిగేదే. నాలుగు పట్టీల రెసిస్టర్లలో రెండింటికీ మొదట పసుపు, ఊదా వస్తాయి. మూడో పట్టీ 47 కిలోకు నారింజ, 470 కిలోకు పసుపు. ట్యూబ్‌లైట్ కింద ఈ రెండు రంగులూ ఒకేలా కనబడతాయి కాబట్టి పెట్టేముందే మీటరుతో కొలవడం మేలు.

వోల్టేజీలన్నీ సరిగ్గా ఉండి కూడా పలకకపోతే సిగ్నల్‌ను వెంబడించండి. ఒక కేబుల్ ఆంప్‌కు పెట్టి, రెండో చివర లోపలి వైరుకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కట్టండి. కేబుల్ బయటి జాలీని (షీల్డ్) పెడల్ గ్రౌండ్‌కు తగిలించండి. గిటార్ మీటుతూ కెపాసిటర్ కాలును ఇన్‌పుట్ జాక్, బేస్, కలెక్టర్, పాట్ మధ్య కాలు వరుసలో తాకించండి. శబ్దం ఎక్కడ ఆగితే తప్పు అక్కడే. ఆంప్ వాల్యూమ్ బాగా తగ్గించి చేయండి.

ప్రశ్న: అడాప్టర్ పెడితే గుయ్యిమని హమ్ వస్తోంది. బ్యాటరీతో రావడం లేదు.
– విశాఖపట్నం పాఠకురాలు

జవాబు: బ్యాటరీతో పోయిందంటే తప్పు అడాప్టర్‌దే. జాక్ నుంచి వచ్చే ప్లస్ వైరుకు వరుసలో 100 ఓమ్‌లు, దాని తర్వాత ప్లస్‌కు గ్రౌండ్‌కు మధ్య 100 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ పెట్టండి. చాలామటుకు తగ్గుతుంది. అప్పటికీ వదలకపోతే రెగ్యులేటెడ్ అడాప్టర్ కొనాల్సిందే. పెడల్ అడాప్టర్లలో పిన్ను మధ్యలో మైనస్ ఉంటుంది. ఇంట్లో పడున్న రూటర్ అడాప్టర్లలో ఎక్కువగా ప్లస్ ఉంటుంది, వోల్టేజీ కూడా చాలావాటికి 12. కొలవకుండా గుచ్చకండి. ప్లస్ వైరులో వరుసగా ఒక 1ఎన్5817 డయోడ్ వేస్తే తిరగబడ్డ అడాప్టర్ నుంచి పెడల్‌ను కాపాడుతుంది.

ప్రశ్న: ఏసీ128 జర్మేనియం ట్రాన్సిస్టర్లతో ఫజ్ ఫేస్ అనే ఫజ్ పెడల్ కట్టాను. జనవరిలో అద్భుతంగా పలికింది. ఇప్పుడు ఎండాకాలంలో స్వరం మధ్యలోనే తెగిపోతోంది.
– విజయవాడ పాఠకుడు

జవాబు: 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఈ సర్క్యూట్ చల్లటి గదుల్లోనే బాగా నడుస్తుంది. జర్మేనియంలో లీకేజి కరెంటు ప్రతి 10 డిగ్రీలకూ సుమారు రెట్టింపవుతుంది. మే నెలలో 40 దాటిన గదిలో బయాస్ (ట్రాన్సిస్టర్ కాళ్ల దగ్గర ఉండాల్సిన వోల్టేజి) నిలవదు. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు ఉన్న 8.2 కిలో రెసిస్టర్ తీసి 20 కిలో ట్రిమ్‌పాట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పాట్) పెట్టండి. మీరు వాయించే గదిలోనే అరగంట ఉంచి, ఆ కలెక్టర్ దగ్గర 4.5 వోల్టులు వచ్చేలా తిప్పండి. మీ ట్రాన్సిస్టర్లు పీఎన్‌పీ రకం (బీసీ547 లాంటి ఎన్‌పీఎన్‌కు ప్లస్, మైనస్ తిరగేసినవి) కాబట్టి మీటరు మైనస్ 4.5 చూపుతుంది. కొలిచేటప్పుడు ట్రాన్సిస్టర్‌ను వేళ్లతో పట్టుకోవద్దు. చేతి వేడికే అంకె కదిలిపోతుంది.

ఇది పాజిటివ్ గ్రౌండ్ సర్క్యూట్, అంటే బ్యాటరీ ప్లస్ గ్రౌండ్‌కు కలుస్తుంది. మిగతా పెడల్స్‌తో ఒకే అడాప్టర్ మీద కలిపితే కేబుల్ జాలీ గుండా సప్లై షార్ట్ అవుతుంది. బ్యాటరీ మీదే నడపండి. ఆరుబయట కచేరీలకైతే సిలికాన్ బీసీ108 పెట్టి ఇంకో పెడల్ కట్టుకోండి. స్వరం కాస్త పదునుగా ఉంటుంది, ఎండకు మాత్రం తడబడదు. బీసీ108 ఎన్‌పీఎన్ కాబట్టి అందులో బ్యాటరీనీ, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లనూ తిప్పి పెట్టాలి.