పాత కారుతో ఆటోక్రాస్: మలుపులో ఇంజన్ ఆగిపోతుంటే

బ్రదర్, ఇంజన్ పని చేయించిన పాత కారు ఆటోక్రాస్‌లో (కోన్ల మధ్య ఒక్కో కారుగా టైమ్ మీద నడిపే పోటీ) గట్టి మలుపులో దగ్గి ఆగిపోతోంది, ప్లగ్గులు, కాయిల్ మార్చినా తగ్గలేదు, సస్పెన్షన్ కూడా మార్చాలా అని అడిగారు కదా, నాకైతే అది కార్బురేటర్‌లో పెట్రోల్ నిలవ ఉండే ఫ్లోట్ చాంబర్ పనే అనిపిస్తోంది. బండి ఒక పక్కకి గట్టిగా తిరిగితే చాంబర్లో పెట్రోల్ అవతలి గోడకి ఎక్కేసి జెట్‌కి (ఇంజన్‌కి పెట్రోల్ వదిలే సన్న రంధ్రం) అందదు, అందుకే స్టీరింగ్ నేరుగా అవ్వగానే మళ్ళీ అందుకుంటుంది. నా బండికీ ఇదే, రెండు నెలలు ప్లగ్గులు మారుస్తూ కూర్చున్నా. ముందు ఫ్లోట్ లెవెల్ (చాంబర్లో పెట్రోల్ ఎత్తుని నిలిపే తేలే ముక్క ఎత్తు) మాన్యువల్ ప్రకారం కొలవండి, ట్యాంకులో సగం పైనే పెట్రోల్ ఉంచండి. మలుపులో ఆయిల్ లైట్ వెలిగితే మాత్రం వెంటనే ఆపేయండి, ఆయిల్ పంపు గాలి పీలుస్తోందన్నమాట, బేరింగులు పోతాయి.

సస్పెన్షన్ మీద డబ్బు ఇప్పుడే పెట్టకండి, దయచేసి. ముందు బ్రేకులు. బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీలుస్తుంది, కొత్త డాట్ 4 (ఫ్లూయిడ్ గ్రేడు) మరగకుండా కనీసం 230 డిగ్రీల సెల్సియస్ తట్టుకోవాలి, తేమ చేరాక ఆ ప్రమాణం 155కే పడిపోతుంది, ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే మార్చేయండి.

టైరు అంచు మీద సుద్దముక్కతో గీత గీసి రన్ అయ్యాక చూడండి, గీత పక్క గోడ మీద కూడా చెరిగిపోయి ఉంటే గాలి తక్కువ, ట్రెడ్ (రోడ్డుకి తగిలే భాగం) అంచు మీద ఇంకా మిగిలుంటే ఎక్కువ. బ్యాటరీ క్లాంపు, థ్రాటిల్ రిటర్న్ స్ప్రింగ్, వీల్ బేరింగుల వదులు ఇంట్లోనే చూసుకోండి, పోటీకి ముందు చేసే ఇన్‌స్పెక్షన్లో పాత బండ్లు ఎక్కువగా ఆగేది వీటి దగ్గరే. కోర్సు (పోటీ దారి) కాలినడకన కనీసం మూడుసార్లు నడవండి, కోన్ల సంగతి తర్వాత, కారు సీట్లో కూర్చున్న ఎత్తుకి వంగి చూస్తే దారి వేరేలా కనిపిస్తుంది. ఫ్లోట్ కొలిచాక ఎంత వచ్చిందో ఇక్కడ పెట్టండి, చూద్దాం.