మూసీ పేపర్లు వెతికే ముందు

విద్యానగర్, హైదరాబాద్

బిడ్డా,

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మూసీ నీళ్లతో పండే ఆకుకూరల్లో సీసం, కాడ్మియం సంగతి తీసుకున్నావట. పొద్దున మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో గర్వం చూడాలి! నాకూ సంతోషమే. కానీ చివర్లో, "పరిశోధన పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ ముందు రెండు రోజులు కూర్చుంటే పాత పేపర్ల పని అయిపోతుందట అక్కా" అన్నాడు. ఆ రెండు రోజుల మాట వాడిదా, నీదా? నీదే అయితే మటుకు ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

తెరవడం, వెతకడం నీకు నేర్పక్కర్లేదు. కుడిపక్క పీడీఎఫ్ అని ఉంటే ఉచితంగా దొరుకుతుంది. ఎడమపక్క ఏ సంవత్సరం నుంచి కావాలో ఎంచుకోవచ్చు. కింద నక్షత్రం నొక్కితే పేపరు నీ ఖాతాలో దాచి ఉంచుతుంది.

అసలు తంటా పేర్లతో. ఉత్త మూసీ అని కొడితే ఇండోనేషియాకి వెళ్లిపోతావు. సుమత్రాలో పాలెంబాంగ్ మీదుగా పారే నది పేరూ మూసీయే. పోనీలే అని పక్కన హైదరాబాద్ చేరిస్తే సింధ్‌లోని హైదరాబాద్ తగులుతుంది. వద్దనుకున్న మాటకి ముందు, మధ్యలో ఖాళీ లేకుండా, మైనస్ గుర్తు పెట్టు. అదీ చూసి పెట్టు. స్కాలర్ శీర్షికలోనే కాదు, పేపరు లోపల కూడా వెతుకుతుంది. సింధ్ అనే మాటని కొట్టేస్తే, మన మూసీని సింధ్‌తో పోల్చిన మంచి పేపరు కూడా కొట్టుకుపోతుంది. అందుకని మైనస్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి.

మనవాళ్ల స్పెల్లింగుల సంగతి నీకు తెలిసిందే. మూసీకి ఒకరు యు పెడితే ఇంకొకరు రెండు ఓలు పెడతారు. పీర్జాదిగూడలో ఒకరు ఐ, ఒకరు రెండు ఈలు. హుస్సేన్ సాగర్ ఒక మాటో రెండు మాటలో ఇప్పటికీ తేలలేదు. ఈ రూపాలన్నిటి మధ్యా ఓఆర్ అని పెద్ద అక్షరాల్లో రాసి కలిపి వెతుకు. రెండు మాటలు విడిపోకూడదనుకుంటే కోట్‌లో పెట్టు. లోహాలకీ అంతే: కొందరు హెవీ మెటల్స్ అంటారు, కొందరు ట్రేస్ ఎలిమెంట్స్ అంటారు. కూరలకి శాస్త్రీయ నామం తప్పదు. ముఖ్యంగా పాలకూర. మన పాలకూర చాలావరకు బీట్‌రూట్ జాతిది, బీటా వల్గారిస్. స్పినాచ్ అంటే స్పినాసియా, అది వేరే మొక్క. పేపర్లలో రెండిటినీ కలిపి కొడుతుంటారు. నువ్వు కలపకు.

రచయిత పేరుతో వెతకడం మన దగ్గర పెద్దగా పనికిరాదు. ఇంటిపేరు ఒక అక్షరమై ముందు కూర్చుంటుంది, రావో రెడ్డో వెనక్కి పోతుంది, పత్రిక దాన్నే ఇంటిపేరు అనుకుంటుంది. ఒకే మనిషి మూడు పేర్లతో కనిపిస్తాడు, ముగ్గురు మనుషులు ఒకే పేరుతో కనిపిస్తారు.

ఒక్క మంచి పేపరు దొరికిందా, ఇక టైపు చెయ్యడం మానెయ్. దాని చివర ఉన్న రిఫరెన్సుల జాబితా పట్టుకుని వెనక్కి వెళ్లు. కింద సైటెడ్ బై నొక్కితే దాన్ని ఉదహరించిన పేపర్లు వస్తాయి, వాటితో ముందుకి రా. ఆ పేజీలో, వీటిలోపల మాత్రమే వెతుకు అనే చిన్న గడి ఉంటుంది, టిక్కు పెట్టి కాడ్మియం అని కొట్టు. లక్ష ఫలితాలు అని పైన రాసి ఉన్నా చూపించేది వెయ్యే. కాబట్టి ప్రశ్నని చిన్నది చేసుకోవాలి, పేజీలు తిప్పుతూ పోవడం కాదు. పైగా ఎక్కువసార్లు ఉదహరించినవి పైకి వస్తాయి కనుక పాతవి ముందు కూర్చుంటాయి. కొత్తవాటి కోసం సంవత్సరం మార్చి మళ్లీ చూడాలి.

ఇప్పుడు నా భయం చెప్తాను. తెరవని పేపరుని రిఫరెన్సుల జాబితాలో రాయడం. లైబ్రరీలో కార్డుల అరల కాలంలోనూ ఇదే తప్పు, ఇప్పుడూ ఇదే. అప్పుడు అసలు పేపరు కావాలంటే రచయితకి కార్డు రాసి వారాల తరబడి ఎదురుచూడాలి కనుక చేసేవాళ్లు. ఇప్పుడు నొక్కగానే రిఫరెన్సు రాసిచ్చే సైట్ అనే మీట ఒకటి ఉంది కనుక చేస్తున్నారు.

ఎలా జరుగుతుందో చూడు. ఒక సమీక్షా వ్యాసంలో, ఫలానా పేపరు ప్రకారం ఆకుకూరలో కాడ్మియం కిలోకి 1.5 మిల్లీగ్రాములు అని ఉందనుకో. నువ్వు ఆ ఫలానా పేపరుని తెరవకుండానే పేరు రాసేసి, అంకె ఎక్కించి, పక్కన కోడెక్స్ (ఆహారానికి అంతర్జాతీయ ప్రమాణాలు) పరిమితి 0.2 పెట్టి, ఏడు రెట్లు ఎక్కువ అని తేలుస్తావు. కోడెక్స్ అంకె పచ్చి కూర బరువుకి. ఆ 1.5 ఎండబెట్టి పొడి చేసిన కూర బరువుకి అయి ఉండొచ్చు, ప్రయోగశాలల్లో ఎక్కువగా అలాగే కొలుస్తారు. ఆకుకూరలో పదికి తొమ్మిది పాళ్లు నీరే. పచ్చి బరువుకి మార్చితే 0.15, పరిమితి లోపలే. పొడి బరువు అన్న ఆ ఒక్క మాట అసలు పేపరులో పద్ధతుల భాగంలో ఉంటుంది. సమీక్ష రాసినవాడు వదిలేశాడు, నువ్వు వాడిని నమ్మావు. రేపు నిన్ను నమ్మి ఇంకొకరు రాస్తారు. ఈలోపు నాగోలు అవతల గట్టు మీద నాలుగు మళ్లు పండించుకునే ఆవిడ కట్టలు ఎవరూ కొనరు. వైవాలో ఎగ్జామినర్ అడిగే ప్రశ్న కంటే నాకు ఆ సంగతే ఎక్కువ బెంగ.

అసలు లేని పేపర్లు కూడా ఉంటాయి. ఒక పెద్ద ప్రచురణ సంస్థ రిఫరెన్సు ఎలా రాయాలో చూపించడానికి నమూనాగా ఒక ఉత్తుత్తి వ్యాసం పేరు ఇచ్చింది. జనం దాన్ని తీసెయ్యడం మరిచి అలాగే అచ్చు వేయించుకున్నారు. వందల పేపర్లలో అది ఉంది! స్కాలర్ యంత్రం. జాబితాలో కనిపించిన పేరునల్లా ఎత్తుకుని, సైటేషన్ అని ముందు తగిలించి, ఫలితాల్లో పెడుతుంది. ఆ మాట ముందుండి, లింకు లేకపోతే, ఆగు. ఇక చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులు సరేసరి. శీర్షిక, రచయిత, పత్రిక అన్నీ నమ్మేలా ఉంటాయి, పేపరు మాత్రం ఉండదు. శీర్షిక మొత్తం కోట్‌లో పెట్టి వెతుకు, దొరికినా సరే తెరిచి చూడు.

సైట్ మీట ఇచ్చినదాన్నీ పేపరు మొదటి పేజీతో సరిచూసుకో. పేజీ నంబర్లు ఎగిరిపోతాయి, సంవత్సరం తప్పు పడుతుంది, ఇనీషియల్స్ తలకిందులవుతాయి.

తాళం పడ్డ పేపర్లకి డబ్బు కట్టకు. ముందు ఆల్ వెర్షన్స్ చూడు, రచయితే ఎక్కడో ఉచిత ప్రతి పెట్టి ఉంటాడు. సెట్టింగ్స్‌లో లైబ్రరీ లింక్స్ దగ్గర మీ యూనివర్సిటీ ఉందేమో చూసి చేర్చుకో. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది, ప్రభుత్వ విద్యాసంస్థలకి పదమూడు వేల పైచిలుకు పత్రికలు తెరిచారు. మీ లైబ్రేరియన్‌ని లాగిన్ అడుగు, సిగ్గుపడకు, వాళ్లున్నది అందుకే. ఇక్కడి పాత పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల కోసం శోధ్‌గంగ చూడు. మూసీ మీద గట్టి కొలతలు వాటిలో ఉంటాయి. వాటిలో తప్పులూ ఉంటాయి, అది వేరే సంగతి.

స్కాలర్‌లో కనిపించింది కదా అని మంచి పత్రిక అనుకోకు. డబ్బు పుచ్చుకుని వారంలో అచ్చేసేవి కూడా అందులోనే ఉంటాయి. మంచి పత్రికలివి అని చెప్పే యూజీసీ కేర్ జాబితా కూడా 2025లో ఎత్తేశారు. పద్ధతుల భాగం చదువు: ఎన్ని నమూనాలు, ఎక్కడివి, ఏ నెలలో, ఏ పరికరంతో కొలిచారు. ఇవి చెప్పకపోతే పక్కన పెట్టెయ్.

ఒక పట్టిక గీసుకో. పేపరు, ఊరు, నెల, కూర శాస్త్రీయ నామం, లోహం, అంకె, పొడి బరువా పచ్చి బరువా, ఏ పేజీలో ఉంది. చివరి గడిలో, నేనే తెరిచి చూశాను అని తేదీ. ఆ గడి ఖాళీగా ఉన్న పేపరు ప్రాజెక్టులోకి వెళ్లకూడదు.

ఆదివారం రా. పది వరసలు నింపుకుని రా. అన్నం ఇక్కడే తిందువు.

నీ మేనత్త