గ్లైడర్ల పెట్టెలో గోరింకలు చేరితే

ఆస్ట్రేలియాలోని బెండిగోలో మీ యూకలిప్టస్‌కి కట్టిన పెట్టెలో షుగర్ గ్లైడర్లకు (చెట్టు నుంచి చెట్టుకి గాల్లో తేలుతూ వెళ్లే చిన్న జంతువులు) బదులు గోరింకలు చేరాయనీ, ఎండకి పెట్టె కాలిపోతోందనీ రాశారు. టెన్షన్ పడకండి, ఆ పెట్టెనే సరిచేయొచ్చు.

ముందున్న రంధ్రం మూసేసి, వెనక పలకకి పైభాగంలో 4 సెంటీమీటర్ల రంధ్రం వేయండి. పెట్టెకీ మానుకీ మధ్య రెండు చెక్కబద్దలు నిలువుగా బిగించి, 5 సెంటీమీటర్ల సందు వదలండి. గ్లైడర్ బెరడు పట్టుకుని పాకుతూ ఆ సందులోంచి లోపలికి దూరుతుంది. గోరింక నేరుగా ఎగిరొచ్చి వాలడానికి చోటుండదు. (1860ల్లో మెల్‌బోర్న్‌కి వాటిని తెచ్చి వదిలారు, అవి మన దేశపు పిట్టలే. అందుకే నాకీ విషయం బాగా పట్టింది.) గ్లైడర్ పిల్లలు ఎక్కిరావడానికి లోపలి పలక మీద రంపంతో అడ్డగీతలు పెట్టండి.

ఇక వేడి: ఇక్కడ ఎండ ఉత్తరం, పడమర నుంచి కొడుతుంది. పెట్టెని మానుకి ఆగ్నేయం వైపు, నీడలోకి మార్చండి. పలుచటి ప్లైవుడ్ వద్దు, మందపాటి చెక్క వాడండి.